హైదరాబాద్–దుబాయ్: వెళ్లేటప్పుడు 2:20, వచ్చేటప్పుడు 5 గంటలా?

టికెట్‌లో ఉదయం 10:00కి శంషాబాద్, 12:20కి దుబాయ్ అని ఉంది. తిరుగు విమానం రాత్రి 22:00కి బయలుదేరి తెల్లవారి 3:00కి దిగుతుంది. ఇంత తేడా ఏంటండీ? అసలు దూరమెంత?

జవాబు 1:
రెండూ స్థానిక సమయాలండీ. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. 2:20కి 1:30 కలపండి: 3:50. తిరుగుకి 5:00లోంచి 1:30 తీసేయండి: 3:30. దూరం నేరుగా సుమారు 2,550 కి.మీ.

జవాబు 2:
మిగిలిన ఆ 20 నిమిషాలు గాలివి. చలికాలంలో పైన పడమటి నుంచి గాలి బలంగా వీస్తుంది; దుబాయ్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. విమానం వేగం గంటకు 830 కి.మీ. అనుకుంటే, 100 కి.మీ. ఎదురుగాలిలో నేలమీద లెక్క 730కి పడిపోతుంది. వెనకగాలిలో 930. టికెట్ సమయంలో రన్‌వే దాకా నడిపే సమయమూ కలిసే ఉంటుంది, అందుకే దూరాన్ని వేగంతో భాగిస్తే సరిపోదు.

జవాబు 3:
తేదీ చూసుకోండి సార్! 14 రాత్రి ఎక్కితే ఇక్కడ దిగేది 15న. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి 15 తెల్లవారుజామున 3 అని చెప్పండి. చాలామంది తప్పేది ఇక్కడే.