డిగ్రీ మ్యాథ్స్ పేపర్లు ఇన్నిసార్లు ఎందుకు మారాయి?

మేజర్‌మ్యాథ్స్23:
మాది ఆంధ్రాలో 2023–24లో మొదలైన సింగిల్ మేజర్ బ్యాచ్, అంటే డిగ్రీలో ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివేది. మ్యాథ్స్ మేజర్ తీసుకుంటే మొదటి సెమిస్టర్లో అచ్చంగా లెక్కల పేపరు ఒక్కటీ లేదు, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపేసిన పేపర్లు రెండు పెట్టారు. మా బాబాయిది పాత ఎంపీసీ, "మేం చేరీ చేరగానే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చేశాం, మీదేం డిగ్రీరా" అని ఒకటే ఎగతాళి. ఇవి ఎప్పుడెలా మారాయో తెలిసినవాళ్లు చెప్తారా? పీజీ ఎంట్రన్స్‌కి మేం వెనకబడతామా?

పాతలెక్చరర్:
మీ బాబాయి చదివిన డిగ్రీలో లెక్కలు మూడోవంతే, మిగతాది ఫిజిక్సూ కెమిస్ట్రీ. ఆ సంగతి ముందు ఆయనకి గుర్తుచెయ్యి. ఇయర్లీ పద్ధతిలో మొదటి ఏడు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, సాలిడ్ జామెట్రీ, రెండో ఏడు ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్, మూడో ఏడు లీనియర్ ఆల్జీబ్రా, వెక్టర్ కాలిక్యులస్, వాటితో ఇంకో పేపరు. 2015–16లో సెమిస్టర్లు వచ్చినప్పుడు చేసింది చాలావరకు వీటినే ముక్కలు కోయడం. 2020–21లో లీనియర్ ఆల్జీబ్రాని నాలుగో సెమిస్టర్‌కి తెచ్చారు. మీ మేజర్లో గ్రూప్ థియరీ, రింగ్ థియరీ విడివిడి పేపర్లు, పైగా లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్, స్పెషల్ ఫంక్షన్స్. అంటే కాగితం మీద మీకే లెక్కలు ఎక్కువ.

పోయిందల్లా టైము. రియల్ ఎనాలిసిస్‌లో దసరాకి అర్థంకాని ఎప్సిలాన్-డెల్టా (లిమిట్‌ని కచ్చితంగా చెప్పే నిర్వచనం) సంక్రాంతికైనా తలకెక్కేది, ఇప్పుడు తలకెక్కేలోపే సెమిస్టర్ పరీక్ష అయిపోతోంది.

ఓయూ_ఎమ్మెస్సీఎస్:
తెలంగాణలో వరస వేరు బ్రో. 2016–17 సీబీసీఎస్‌లో (కొన్ని పేపర్లు ఎంచుకునే వీలుండే క్రెడిట్ల పద్ధతి) మాకు డిఫరెన్షియల్ కాలిక్యులస్‌తో మొదలై తర్వాత ఈక్వేషన్స్, ఆపైన రియల్ ఎనాలిసిస్, ఆల్జీబ్రా. సాలిడ్ జామెట్రీని ఎలక్టివ్ చేసేశారు. ఎలక్టివ్ అన్నమాటేగానీ ఎంచుకునేది మనం కాదు, మా కాలేజీలో ఏ సార్ ఖాళీగా ఉంటే ఆ పేపరే తెరిచారు. సిలబస్ ఎవరు రాసినా చివరికి టైమ్‌టేబుల్ వేసేవాళ్లే తేలుస్తారు.

పుస్తకాలపురుగు:
ఇంకా వెనక్కి వెళ్తే సరదాగా ఉంటుంది. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ రాకముందు కోస్తా కాలేజీలు మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేవి, లెక్కలు చదివినా చేతికొచ్చేది బీఏ డిగ్రీయే. హైదరాబాదులో 1918లో పెట్టిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో, పాఠ్యపుస్తకాల కోసం ఏడాది ముందే అనువాద విభాగం పెట్టారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక తెలుగు మీడియం డిగ్రీ పుస్తకాలు దొరికాయి. ఆంధ్రాలో 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే. నా లెక్కలో పేపర్ల పేర్లు మారడం కన్నా ఇదే పెద్ద మార్పు, ఎందుకో దీని మీద చర్చే జరగలేదు.

మేజర్‌మ్యాథ్స్23:
థాంక్స్ అండీ. సార్, ఎంట్రన్స్ సంగతి చెప్పలేదు?

పాతలెక్చరర్:
చెప్తా. ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఎక్కడైనా కావాలి, అవి మీకూ ఉన్నాయి. హైదరాబాదులో కూడా రాస్తానంటే అక్కడి సిలబస్ పక్కన పెట్టుకుని నీది చూసుకో, లేనివి సెలవుల్లో సొంతంగా చెయ్యి. ఆ కలిపేసిన పేపర్లు పాసైతే చాలు, వాటికి టెన్షన్ పడకు.