ట్రైఫ్లుఓపెరజైన్ ప్రొలాక్టిన్‌ని పెంచుతుందా, తగ్గిస్తుందా?

ప్రశ్న (ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ):
అందరికీ నమస్కారం. సెమినార్‌కి కాల్‌మాడ్యులిన్ (కణంలో కాల్షియంని పట్టుకుని పనిచేసే ప్రోటీన్) ఇన్హిబిటర్లు, అంటే దాన్ని అడ్డుకునే మందులు, తీసుకుని ఒకచోట ఇరుక్కుపోయాను. ఎలుక పిట్యూటరీ ట్యూమర్ నుంచి వచ్చిన జీహెచ్3 కణాలకి అలాంటి మందే అయిన ట్రైఫ్లుఓపెరజైన్ ఇస్తే ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) విడుదల తగ్గిందని చదివాను. ఫార్మకాలజీ పుస్తకంలోనేమో ఇదే మందు వాడే మానసిక రోగుల్లో ప్రొలాక్టిన్ పెరుగుతుందని, కొందరికి నెలసరి కూడా ఆగిపోతుందని ఉంది. ఒకే మందు ఇలా ఎలా? సార్ ఇదే అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
రెండూ కరెక్టే తమ్ముడూ. మనిషిలో హైపోథలామస్ నుంచి వచ్చే డోపమైన్ పిట్యూటరీ మీద ఎప్పుడూ బ్రేక్ వేసి ఉంచుతుంది, ట్రైఫ్లుఓపెరజైన్ ఆ డోపమైన్ అతుక్కునే డీ2 రిసెప్టర్‌ని మూసేస్తుంది కాబట్టి బ్రేక్ పోయి ప్రొలాక్టిన్ పెరుగుతుంది. జీహెచ్3 కణాల్లో పనిచేసే డీ2 రిసెప్టర్లే లేవు! అందుకే అక్కడ కనిపించేది వేరే దారి: టీఆర్‌హెచ్ (ప్రొలాక్టిన్ విడుదలని పెంచే హైపోథలామస్ హార్మోన్) ఇస్తే కణం లోపల కాల్షియం పెరుగుతుంది, నాలుగు కాల్షియం అయాన్లు పట్టుకున్న కాల్‌మాడ్యులిన్ ఆకారం మార్చుకుని కైనేజుల్ని (వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) లేపుతుంది. మందు దానికి అతుక్కుంటే ఆ పని కుంటుపడుతుంది. సెమినార్‌లో మొదటి స్లైడే ఇది పెట్టు.

జవాబు 2:
పైవారు చెప్పింది నిజమే కానీ డోస్ మాట వదిలేశారు, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. కాల్‌మాడ్యులిన్‌ని ఆపాలంటే 10 మైక్రోమోలార్ దరిదాపుల్లో కావాలి, అంటే మిల్లీలీటరుకి సుమారు 4 మైక్రోగ్రాములు, మాత్ర వేసుకున్నవాళ్ళ రక్తంలో ఉండేది నానోగ్రాముల్లోనే. పైగా ఆ గాఢతలో ఈ మందు ప్రోటీన్ కైనేజ్ సీని కూడా అడ్డుకుంటుంది, కణం పొరలోకి దూరిపోతుంది. కాబట్టి ఒక్క ట్రైఫ్లుఓపెరజైన్ చూపించి "ఇది కాల్‌మాడ్యులిన్ వల్లే" అనడం నేను ఒప్పుకోను. డబ్ల్యూ-7 అనే ఇంకో కాల్‌మాడ్యులిన్ ఇన్హిబిటర్‌తో పాటు డబ్ల్యూ-5 కూడా వాడారా చూడు. రెండింటికీ తేడా ఒక్క క్లోరిన్ పరమాణువు, అది లేని డబ్ల్యూ-5 కాల్‌మాడ్యులిన్‌ని చాలా బలహీనంగా పట్టుకుంటుంది, అందుకే కంట్రోల్‌గా పనికొస్తుంది. మీడియంలో సీరం ఎంత ఉందో కూడా చూడు, అందులోని అల్బుమిన్ అనే ప్రోటీన్ మందుని పట్టేసుకుంటుంది. డోస్ మరీ పెంచితే పొర చిల్లులు పడి లోపలి హార్మోన్ బయటికి కారి, విడుదల పెరిగినట్టు కనిపిస్తుంది, కాబట్టి ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాల్లోకే వెళ్ళే రంగు) కణాలు బతికున్నాయో లేదో చూశారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

జవాబు 3:
నేను సైన్స్ వాణ్ణి కాదండీ. మా చెల్లికి ప్రొలాక్టినోమా (ప్రొలాక్టిన్ ఎక్కువగా చేసే పిట్యూటరీ ట్యూమర్), దానికి క్యాబర్గోలిన్ వాడుతోంది. ట్యూమర్ కణాల్లో తగ్గింది అంటున్నారు కదా, ఈ మందు తనకి పనికొస్తుందా?

జవాబు 2 రాసినవారు:
వద్దండీ, దయచేసి ఆ ఆలోచనే పెట్టుకోకండి. క్యాబర్గోలిన్ డోపమైన్‌లాగే డీ2 రిసెప్టర్ మీద పనిచేసి ప్రొలాక్టిన్‌ని తగ్గిస్తుంది, ట్రైఫ్లుఓపెరజైన్ దానికి అడ్డం పడుతుంది, ప్రొలాక్టిన్ ఇంకా పెరగొచ్చు. ఇంకో మాట, మన దగ్గర గ్యాస్‌కి ఇచ్చే చాలా మాత్రల్లో డోంపెరిడోన్ కలిపి ఉంటుంది, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ కూడా అదే కోవ, రెండూ ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి. చెల్లి వేసుకునే ప్రతి మాత్ర స్ట్రిప్ ఎండోక్రైనాలజిస్టుకి చూపించండి. అంతేగానీ ఏదైనా మానసిక సమస్యకి మందులు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకునేలా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అన్నా, థాంక్యూ సార్. పేపర్ మళ్ళీ తీసి చూశాను, డబ్ల్యూ-5 వాడలేదు, సీరం శాతం కూడా రాయలేదు. సెమినార్‌లో ఈ రెండూ ప్రశ్నలుగానే పెడతాను.