బ్లాక్ ఫ్లాగ్ 'మై వార్' రెండో సైడు: బరువా, బోరా?

పొదలకూరురోడ్డు
రాత్రి మళ్ళా విన్నా. అమెరికా పంక్ రాక్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ అనంగానే అందరూ 1981లో వచ్చిన డ్యామేజ్డ్ ఆల్బమ్ గురించే మాట్లాడతారు, గొప్పదే, కాదన్ను, సింగర్ హెన్రీ రోలిన్స్ వచ్చినాక చేసిన మొదటి ఆల్బమ్, పదిహేను పాటలు అరగంట చిల్లర్లో అయిపోతాయి. కానీ నిజంగా బరువైంది 1984 మై వార్. మొదటి సైడు ఆరు పాటలు బాగానే పరిగెత్తుతాయి, రికార్డు తిప్పితే మూడే పాటలు, ఒక్కోటి ఆరు నిమిషాల పైన, హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబాత్ వాసన కొడతా ఈడ్చుకుంటా పోతాయి. ఆ రోజుల్లో పంక్ జనం చాలామంది దీన్ని తిట్టుకున్నారు. నాకైతే ఆ సైడే కావాల. నచ్చనోళ్ళు ఎందుకో చెప్పండి.

మైపాడు అల
నచ్చలా. నిద్దరొచ్చింది.

ఒంగోలుబేస్
బరువు వేరు నిదానం వేరు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బండ ఎక్కించుకున్న లారీ మెల్లగా పోద్ది, ఖాళీ లారీ కూడా డ్రైవరుకు బుద్ధి పుడితే మెల్లగా పోద్ది, అంతమాత్రాన రెండూ బరువైనవి అయిపోతాయా. డ్యామేజ్డ్‌లో బ్యాండ్ పెట్టిన గ్రెగ్ గిన్, డెజ్ కడేనా రెండు గిటార్లు, కింద చక్ డుకోవ్‌స్కీ బేస్ గిటార్. అదీ బరువంటే. మై వార్ కవర్ మీద బేస్ ఎవరని ఉందో చూడు, డేల్ నిక్సన్ అంట. అట్టాంటి మనిషే లేడు. గిన్నే వాయించుకుని దొంగపేరు పెట్టుకున్నాడు. గిటారిస్టు బేస్ పట్టుకుంటే ఏమైద్దో ఈడున్న కొందరికి బాగా తెలుసు.

సింగరాయకొండ సిగ్నల్
చిన్న సవరణ. మొదటి సైడు మొత్తం పరిగెత్తుద్ది అన్నారు, రెండో పాట కాంట్ డిసైడ్ ఐదు నిమిషాల పైనే ఉంటది.

పొదలకూరురోడ్డు
పొడుగు గురించి కాదు స్పీడు గురించి చెప్పా.
ఒంగోలుబేస్, బేసిస్టు లేకపోతే ఏం చెయ్యమంటావ్ గిన్నుని? డుకోవ్‌స్కీ అప్పటికే బ్యాండ్‌లో లేడు. కిరా రోస్లర్ వచ్చింది ఈ రికార్డింగ్ అయినాక. మధ్యలో ఎవరూ లేరు, డ్రమ్స్‌కి బిల్ స్టీవెన్‌సన్, గొంతుకి రోలిన్స్, అంతే. చేతులు కట్టుకుని కూర్చోవాలా? మనిషి లేకపోయినా పని ఆపలా, నాకు అందులో తప్పు కనపడ్లా.

నిమ్మతోట
మీరిద్దరూ బేస్ దగ్గరే ఆగిపోయారు. మధ్యలో ఏం జరిగిందో చూడండి. డ్యామేజ్డ్‌ని యూనికార్న్ అనే కంపెనీతో కలిసి వెయ్యబోతే, దాన్ని షాపులకి పంచాల్సిన ఎమ్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీలో పెద్దమనిషి ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డని వెనక్కి లాగేశాడు, ఆ తర్వాత యూనికార్న్‌తో కోర్టు గొడవ, బ్లాక్ ఫ్లాగ్ పేరుతో కొత్త రికార్డు వెయ్యటానికి లేదన్నారు. పాత రికార్డింగులు బ్యాండ్ పేరు లేకుండా వేస్తే గిన్, డుకోవ్‌స్కీ ఇద్దరూ జైలుకి కూడా పొయ్యొచ్చారు. 1983లో యూనికార్న్ దివాలా తీస్తే గానీ వదల్లా. అన్నాళ్ళు ఆపేసిన ఉక్రోషం అట్టాగే వస్తది, పరిగెత్తి అరవటానికి ఓపిక కూడా మిగలదు. 1984 ఒక్క ఏడాదే మూడు స్టూడియో ఆల్బమ్‌లు వదిలారు, ఎంత దాచిపెట్టుకున్నారో చూడండి. నాకు రెండో సైడు బరువు అక్కడ్నుంచి వచ్చిందనిపిస్తది.

ఒంగోలుబేస్
"మనిషి లేకపోయినా పని ఆపలా" అంట. మనిషి ఎందుకు లేడో కూడా అడగాలిగా. డుకోవ్‌స్కీ ఊరికే పోలా, గిన్‌కి ఆయన వాయించే తీరు నచ్చక, వదిలి వెళ్ళేదాకా సతాయించాడని అందరూ చెప్పుకునే మాటే. అన్నీ నాకు నచ్చినట్టే ఉండాల, నేను చెప్పిన స్పీడులోనే ఉండాల అనేవాడి దగ్గర ఎవరుంటారు.

కావలి డ్రమ్ము
నిదానంగా వాయించటం తేలికనుకునేవాళ్ళు ఒకసారి డ్రమ్స్ ముందు కూర్చోండి. స్పీడుగా కొడితే తప్పులు కొట్టుకుపోతాయి, నిదానంలో రెండు దెబ్బల మధ్య ఖాళీ ఉంటది చూడండి అక్కడ దొరికిపోతాం. స్టీవెన్‌సన్‌ని గిన్ కావాలనే నిదానంగా ప్రాక్టీస్ చేయించేవాడంట. ఇంతకీ మీ ఇద్దరికీ ముందే పరిచయమా అన్నా?

మైపాడు అల
అదే నాకూ డౌటు 😀

సింగరాయకొండ సిగ్నల్
స్పీడు గురించే అయినా కాంట్ డిసైడ్ అంత స్పీడేం కాదు. మళ్ళీ విని చెప్పండి.

పొదలకూరురోడ్డు
సిగ్నల్ గారూ మీ పాట మీరు పెట్టుకోండి సార్.
ఒంగోలుబేస్, ఇంకోటి చెప్తా విను. మై వార్ అనే పాట రాసింది ఎవరు? డుకోవ్‌స్కీనే. బ్యాండ్‌లో లేడు, అయినా ఆయన పాట తీసుకుని ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టారు. ఐ లవ్ యూ కూడా ఆయందే. బ్యాండ్ వదిలి వెళ్ళినవాడికి ఇంతకంటే గౌరవం ఏముంటది?

ఒంగోలుబేస్
గౌరవమా. ఇప్పుడొచ్చావు అసలు దాంట్లోకి. డుకోవ్‌స్కీ పాట కింద డుకోవ్‌స్కీ పేరేశారు. నా పాట నువ్వు ఆ కాలేజీ ఫెస్ట్‌లో వాయించినప్పుడు నా పేరు చెప్పావా? రెండు నిమిషాల పాటని సగం స్పీడుకి దించి ఏడు నిమిషాలు సాగదీశావంట, నేను రాసినప్పుడు అట్టా ఉందా? జనం డీజే పెట్టండ్రా అని అరుస్తుంటే ఇంకా నిదానం చేశావంట. వీడియో పంపిస్తే చూశా.

కావలి డ్రమ్ము
అమ్మో

పొదలకూరురోడ్డు
చెప్పటానికి నువ్వున్నావా అక్కడ? మాగుంట లేఅవుట్‌లో మేడమీద రూములో ఎండకి చస్తా ప్రాక్టీస్ చేశాం, ఫెస్ట్ ముందురోజు ఫోన్ చేస్తే బెంగళూరు బస్సులో ఉన్నానన్నావు. ఉద్యోగం వచ్చిందని ముందే తెలుసు నీకు, నాకు మాత్రం బస్సెక్కినాక చెప్పావు. నేనేం చెయ్యాల? బేస్ లేదు, ఉన్న గిటారుని కిందికి ట్యూన్ చేశా, అంత లోతులో స్పీడుగా వాయిస్తే అంతా కలిసిపోయి గోల అయిద్ది, అందుకే నిదానం చేశా. నీ మీద కోపంతో చేశాననుకుంటున్నావేమో. కోపం కూడా ఉంది, అది వేరే.
జనం పోతే పోనీ. బ్లాక్ ఫ్లాగ్ ఈ పాటలు వాయిస్తే ముందున్నోళ్ళు తిట్టలా? తర్వాత మెల్విన్స్ అనే బ్యాండ్ వాళ్ళు ఆ దారే పట్టుకున్నారు, నిర్వాణా సింగర్ కర్ట్ కొబేన్ తనకి ఇష్టమైన ఆల్బమ్‌ల లిస్టులో మై వార్ రాసుకున్నాడు.

ఒంగోలుబేస్
నెల్లూరులో కొబేన్ ఎవడున్నాడు నీ ఏడు నిమిషాలు వినటానికి. జనం పోతే పోనీ అంటావ్ చూడు, అక్కడే నాకూ నీకూ పడంది. నేను రాసింది ముందు వరసలో ఉన్నోడు ఎగరాలని, నువ్వు వాయించింది వాణ్ణి తరమాలని. డ్యామేజ్డ్‌లో అందరూ కలిసి అరవొచ్చు. మై వార్ రెండో సైడు ఒక్కడే తలుపేసుకుని వినాల. అట్టాంటిదానికి బ్యాండెందుకు, స్టేజీ ఎందుకు.
ముందే చెప్పలేదన్నావు, చెప్పే సందు ఇచ్చావా? ప్రతి ప్రాక్టీసులో నా వాయింపు బాలేదనటమేగా.

నిమ్మతోట
నేను రాసింది ఎవరూ చదవలా, సరే. ఒక్కదాన్నే తలుపేసుకుని వినేది నేనే అన్నా. పొదలకూరులో హార్డ్‌కోర్ పంక్ షో యాడ జరిగింది కనక నేను ముందు వరసలో ఎగరటానికి? పైగా ఆడపిల్ల. మాబోటోళ్ళకి స్టేజీ కంటే ఆ రెండో సైడే దగ్గర. అది బ్యాండ్ కాదంటే ఎట్టా.

ఒంగోలుబేస్
నిన్ను అన్లేదమ్మా. వాడితో మాట్లాడుతున్నా.

నిమ్మతోట
వాడితోనే మాట్లాడండి, నేనూ చదువుతున్నా అని చెప్పా అంతే.

పొదలకూరురోడ్డు
ఆ అమ్మాయి చెప్పిందే నేను చెప్పేది కూడా.

ఒంగోలుబేస్
కాదు, ఆమె వినటం గురించి చెప్పింది, నువ్వు వాయించటం గురించి చెప్తున్నావ్. సరే వదిలెయ్. నా బేస్ యాంప్ ఇంకా నీ దగ్గరే ఉంది, అది పంపించు ముందు.

పొదలకూరురోడ్డు
అదా సంగతి. ఆర్టీసీ కార్గోలో వేస్తా, ఒంగోలు బస్టాండ్‌లో తీసుకో. ఛార్జీ నువ్వే కట్టుకో.

ఒంగోలుబేస్
నేనెందుకు కడతా, వాడుకుంది నువ్వు.

కావలి డ్రమ్ము
కావలి దారిలోనే కదన్నా, ఈడ దించితే నేను వాడుకుంటా, మీరు తేల్చుకునేదాకా 😁

సింగరాయకొండ సిగ్నల్
కాంట్ డిసైడ్ ఎవరైనా విన్నారా?