కార్పొరేషన్‌లో పైవాళ్ళతో మాట్లాడే మనిషీ, జనంతో మాట్లాడే మనిషీ ఒక్కరే ఉండొచ్చా?

పెన్నాగట్టు:
అన్నలూ, అక్కలూ, ఒక సంగతి తేల్చండి. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు మొన్న ఫోన్‌లో ఒక ఉద్యోగం గురించి చెప్పాడు. అక్కడ ఒక నగర సంస్థలో పెద్ద పోస్టట. రాష్ట్రంతో, కేంద్రంతో, సిటీ కౌన్సిల్‌తో మాట్లాడి నిధులూ అనుమతులూ తెచ్చేది ఆ మనిషే. పేటల్లోకి వెళ్ళి జనంతో కూర్చునేదీ ఆ మనిషే. "మన నెల్లూరులో ఆ పని ఎవరు చేస్తారు మామయ్యా?" అన్నాడు. కమిషనర్ అన్నాను. "ఆయన కాకుండా?" అన్నాడు. నోట మాట రాలేదు.

నా మటుకు అలాంటి మనిషి మనకూ కావాలి. మన ఊళ్ళో సగం వస్తువులు మన ఊరివి కావు. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి, కానీ అవి జలవనరుల శాఖవి. వాటిలో కలిసే మురుగు మాత్రం ఊరిది. వానొస్తే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి. పైన పట్టాలు రైల్వేవి, కింద ఇరుక్కుపోయిన ఆటో మనది. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్ళు వదిలితే పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. ఆ రాత్రి జనం అడిగింది ఒక్కటే: ఎంత వదిలారు, మా గడప దాకా ఎప్పటికొస్తాయి? మొదటి దానికి జవాబు డ్యామ్ దగ్గర ఉంటుంది, రెండో దానికి వీధి పల్లం తెలిసినవాడి దగ్గర ఉంటుంది. రెండూ తెలిసిన మనిషి ఒకడుండాలని నా వాదన.

రిటైర్డ్‌ఫైలు:
నేను ఒప్పుకోను. జిల్లాలో ఒక మున్సిపాలిటీలో పనిచేసి రిటైరయ్యాను, ఏ ఊరో అడగొద్దు. అక్కడ నాకు కొన్నాళ్ళు సరిగ్గా ఈ రెండు పనులూ కలిపే ఇచ్చారు. ఎలా నడిచిందో చెబుతా.

పొద్దున పదింటికి బస్తీలో మీటింగ్ పెడతాం. తొమ్మిదిన్నరకు టెలికాన్ఫరెన్స్ అంటారు. అది అయ్యేసరికి అసెంబ్లీ ప్రశ్నకు జవాబు అర్జంటుగా పంపమంటారు. అది పంపేసరికి ఎవరో పెద్దాయన వస్తున్నారు, గెస్ట్‌హౌస్ చూసుకోమంటారు. పైనుంచి వచ్చే ప్రతి పనికీ గడువుంటుంది, లేటయితే మెమో ఉంటుంది. బస్తీ మీటింగ్ వాయిదా వేస్తే మెమో ఇచ్చేవాడెవడు? మూడు నెలలు తిరక్కుండానే నేను శాలువాలు, బొకేలు కొనే మనిషినయ్యాను. ఏ షాపులో బొకే సాయంత్రం దాకా వాడిపోకుండా ఉంటుందో ఇప్పటికీ నాకు తెలుసు, అదొక్కటే మిగిలింది.

నాలుగోసారి ఎలాగో ఆ బస్తీకి వెళ్ళాను. ఒక ముసలామె "నువ్వేనా నాయనా రానిది?" అంది. కోపంగా కూడా అనలేదు. పేరు కనుక్కున్నట్టు అంది.

ఒకే మనిషికి రెండూ ఇస్తే పై పని కింది పనిని మింగేస్తుంది. మనిషి మంచోడైనా అంతే.

చేపలపులుసు:
పోస్టు మంజూరైతే ముందు బొలేరో, తర్వాత ఏసీ గది, ఆ తర్వాత గది బయట "సందర్శన వేళలు" బోర్డు. జనంలోకి వెళ్ళే పని పూర్తి 😂

ములాపేటకోడలు:
నవ్వకండి అన్నా, నాకు మండుతుంది. నేను పొదుపు సంఘం లీడర్‌ని. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) తరఫున మా సంఘాలను చూసే ఆర్పీ అమ్మతో కలిసి ఎన్ని స్కీములకు గడప గడపా తిరిగానో లెక్కలేదు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు కూడా ఉన్నాయి, సుమారు నాలుగు వేల జనాభాకు ఒకటి. శానిటేషన్ సెక్రటరీ, ఎమినిటీస్ (సదుపాయాల) సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ అందరూ ఉన్నారు. జనం దగ్గరికి పోయే మనుషులు తక్కువయ్యారని నేననుకోను.

చెత్త పన్ను గుర్తుందా? 2021లో వచ్చింది. కార్పొరేషన్లలో మామూలు ఇంటికి నెలకు 120, మురికివాడల్లో 60. నిర్ణయం రాష్ట్రానిది. తలుపు కొట్టింది మాత్రం సచివాలయం పిల్లలు, వెనకాల మాలాంటి వాళ్ళం. "బండి రెండ్రోజులకోసారి వస్తుంటే డబ్బులెందుకు కట్టాలి?" అని ప్రతి ఇంట్లో అడిగారు. న్యాయమైన మాటే కదా. ఆ మాట రాసుకోమని మాకెవరూ చెప్పలేదు. మా దగ్గరున్న కాగితంలో కట్టారు, కట్టలేదు అని రెండే గళ్ళు. చివరికి 2024 ఆఖర్లో ఎత్తేశారు. మూడో గడి ఒకటి మొదట్నుంచీ ఉండుంటే పైవాళ్ళకు ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసేది.

ఒకరా ఇద్దరా అన్నది తర్వాత. పంపేది చెప్పడానికా, వినడానికా? అది తేల్చండి ముందు.

ఒంగోలుగిత్త:
అక్క చెప్పింది నిజం. కానీ రిటైర్డ్ సార్, మా ఊరి నుంచి చూస్తే మీ లెక్క తిరగబడుతుంది. ఒంగోలు తాగే నీళ్ళు సాగర్ కుడికాలువ నుంచి సమ్మర్ స్టోరేజీ ట్యాంకులకు రావాలి. పైన పొలాలన్నీ దాటి, చివర్లో మేము. కాలువ మాది కాదు, ఎప్పుడు వదులుతారో మా చేతిలో లేదు. అలాంటి ఊరికి పైవాళ్ళను పట్టుకుని వేలాడే మనిషి లేకపోతే గొంతు తడవదు.

ఆ మనిషే కిందికి కూడా రావాలంటాను. ఎండాకాలంలో నీళ్ళెప్పుడని వీధిలో నీళ్ళు వదిలే లైన్‌మన్‌ని అడుగుతాం. "రేపు" అంటాడు పాపం. కాలువ సంగతి అతనికి ఎవరు చెప్పారు? తెలిసినవాడు విజయవాడలో మీటింగ్‌లో ఉంటాడు, జనం ముందు నిలబడేవాడికి ఏమీ తెలియదు. విడదీస్తే వచ్చేది ఇదే.

సెక్షన్‌బాబాయి:
చట్టం మాట ఒకటి. మున్సిపాలిటీల గురించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అందులోని 243ఎస్ అధికరణ ప్రకారం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు వేయాలి. 2011 లెక్కల్లో నెల్లూరు ఐదు లక్షలకు అటూ ఇటూ. ఒంగోలు రెండు లక్షల చిల్లర. కాబట్టి నెల్లూరుకు కమిటీ తప్పనిసరి, ఒంగోలుకు కాదు. వినే పనికి రాజ్యాంగమే చోటిచ్చింది, మీరు అధికారి కోసం కొట్టుకుంటున్నారు.

ఒంగోలుగిత్త:
అంటే మా మాట వినాలంటే ముందు ఇంకో లక్ష మందిని కనాలా బాబాయ్?

సెక్షన్‌బాబాయి:
వేయకూడదని లేదు నాయనా, రాష్ట్రం వేయొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. పైకి పోయి నిధులు తెస్తారంటున్నారు కదా, అక్కడ బేరానికి చోటు మీరనుకున్నంత లేదు. కేంద్రం నిధులు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో (2021-26) పది లక్షల లోపు ఊళ్ళకు 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికీ ముందే కట్టేశారు. జనం పార్కు అడిగినా, లైబ్రరీ అడిగినా మిగతా 40లోంచే. ఈ లెక్క బస్తీలో ఎవరైనా చెప్పారా? చెబితే సగం గొడవ తగ్గుతుంది.

ములాపేటకోడలు:
తగ్గదు బాబాయ్. లెక్క చెబితే లెక్క మీద గొడవ పడతాం. అది మంచిదే.

పెన్నాగట్టు:
నా వాదన నుంచి నేను కొంచెం జరిగాను. రొట్టెల పండగ గుర్తొచ్చింది. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర లక్షల మంది దిగుతారు. అప్పుడు కార్పొరేషన్, పోలీసులు, కరెంటు, ఆరోగ్యం, వక్ఫ్ అందరూ ఒక్కచోట కూర్చుంటారు. ఎవరి పనేదో గట్టు మీదే తేలిపోతుంది. కొత్త పోస్టేమీ లేదే! అయితే అది జరిగేది పండగకు తేదీ ఉంది గనక. జనం ఎలాగూ వస్తారు, ఆపలేరు. మురుక్కాలువకు తేదీ ఏది?

రిటైర్డ్‌ఫైలు:
ఒంగోలు తమ్ముడి లైన్‌మన్ మాట నన్నూ ఆలోచనలో పడేసింది. కాలువ సంగతి తెలిసిన మనిషి జనం ముందుకు రావాలి, అంతవరకు ఒప్పుకుంటున్నాను. కానీ రెండు కుర్చీలు ఒకడికి ఇవ్వొద్దు. బస్తీకి పోయేవాడికి ప్రోటోకాల్ డ్యూటీ (వచ్చే పెద్దలకు మర్యాదలు చూసే పని) వేయకూడదని ఆర్డర్‌లోనే రాయాలి. పైకి పోయేవాడు ప్రతి వారం అతని నోట్‌బుక్ చదివి సంతకం పెట్టాలి. అదైనా జరుగుతుందని నేను పందెం కాయను.

చేపలపులుసు:
సంతకం మాత్రం పెడతారు సార్ 😂

ములాపేటకోడలు:
సరే అన్నలూ, మీరు తేల్చేలోపు నా పని చూసుకోవాలి. మా సందులో కాలువ పూడిక తీయక దోమలు చంపేస్తున్నాయి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాను. ఎట్లా రాయాలో ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్‌ఫైలు:
అమ్మా, శాఖ పేరు మీరు రాయొద్దు. జలవనరులు అని రాస్తే అటు తోస్తారు, కార్పొరేషన్ అని రాస్తే ఇటు తోస్తారు. "ఈ కాలువ ఎవరి కిందికి వస్తుందో రాతపూర్వకంగా తెలిపి, పూడిక తీయించగలరు" అని రాయండి. చోటు తెలిసేలా దగ్గర్లో ఉన్న కరెంటు స్తంభం నంబరు వేయండి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద స్టాంపు వేయించుకుని అర్జీ నంబరు రాసుకోండి. పది దాటితే లైను పెరుగుతుంది, తొమ్మిదింటికే వెళ్ళండి.