శరదృతువులో డాబా మీదికి వచ్చే పిట్టలు: గుర్తింపు, మేత, ఫోటోలు

సీతమ్మధార డాబాతోట:
పెద్దలకు నమస్కారం. మేము విశాఖ సీతమ్మధారలో ఉంటాము. డాబా మీద కుండీలలో మందారం, నూరువరహాలు, హమీలియా పెంచుతున్నాను. వానలు తెరిపి ఇచ్చిన దగ్గర నుంచి ఒక పళ్ళెంలో నూకలు, మరొక దానిలో నీళ్ళు పెడుతున్నాను. హమీలియా పూల దగ్గరకు రోజూ ఒక చిన్న పిట్ట వస్తోంది. సన్నగా వంపు తిరిగిన ముక్కు, వీపు మట్టిరంగు, పొట్ట లేత పసుపు. అయితే గడ్డం కింద మొదలై పొట్ట వరకు మసితో గీసినట్టు ఒక నల్లని చార నిలువుగా ఉంది. వేసవిలో ఇదే మొక్క మీద నిగనిగలాడే నల్లని తేనెపిట్టను చూశాను గాని, ఈ చారల పిట్టను చూడలేదు. ఇది వలస వచ్చిన వేరే జాతా?

నూకల పళ్ళెం మీద పావురాలు మరే పిట్టనూ వాలనివ్వడం లేదు. రెట్టల గురించి కింది ఇంటివారు అంటున్న మాట న్యాయమైనదే కనుక దీనికి ఏదైనా ఉపాయం కావాలి. ఇక 300 మి.మీ. లెన్సుతో తీస్తున్న ఫోటోలలో పిట్ట మసకగాను, దాని వెనుక నీళ్ళ ట్యాంకు స్పష్టంగాను వస్తున్నాయి. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మధురవాడ పక్షిప్రియుడు:
అమ్మా, అది వేరే జాతి కాదు, వలస వచ్చినదీ కాదు. వేసవిలో మీరు చూసిన నల్లని మగ తేనెపిట్టే ఇప్పుడు ఈ వేషంలో ఉంది. గూడు కట్టి పిల్లలను పెంచే కాలం ముగిశాక ఊదా తేనెపిట్ట మగది మెరిసే ఈకలను రాల్చి, ఆడపిట్టను పోలిన పసుపు ఈకలు తొడుక్కుంటుంది. గొంతు నుంచి పొట్ట వరకు ఆ నల్లని చార మాత్రం మిగులుతుంది. ఆడదానికి ఆ చార ఉండదు. ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు భుజం దగ్గర చూడండి, నీలపు మెరుపు ఇంకా కొద్దిగా కనిపిస్తుంది. మన ఊళ్ళో అంతే సాధారణంగా కనిపించే మరో తేనెపిట్ట ఉంది. దాని మగది మెడ కింద ముదురు ఎరుపు పట్టీతో, పసుపు పొట్టతో ఏడాది పొడవునా ఒకే రంగులో ఉంటుంది కనుక ఈ రెండింటినీ కలపకండి.

మీ మందారం మీద కూడా దానిని గమనించండి. ఆ పువ్వు లోతు ఎక్కువ కావడంతో అది ముందు నుంచి తల దూర్చదు. తొడిమ దగ్గర వాలి, రేకల మొదట్లో ముక్కుతో చిన్న కన్నం పొడిచి తేనె పీలుస్తుంది. రాలిన పువ్వును తీసి చూస్తే ఆ కన్నం కనిపిస్తుంది. పంచదార నీళ్ళ సీసాలు వేలాడదీయమని కొందరు చెబుతారు గాని, విశాఖ ఉక్కపోతలో ఆ నీళ్ళు త్వరగా పులుస్తాయి, చీమలు పడతాయి. మీకు పూలున్నాయి, అవి చాలు.

ఎంవీపీ కాలనీ గృహిణి:
పావురాల సంగతి చెబుతాను. బల్లపరుపుగా ఉన్న పళ్ళెం మీద గింజ పోసినంత కాలం అవి వస్తూనే ఉంటాయి. పళ్ళెం తీసివేసి, మన పెద్దలు గుమ్మానికి కట్టినట్టు వరికంకుల కుచ్చు ఒకటి సన్నని తాడుతో వేలాడదీయండి. కంకిని పట్టుకుని వేలాడుతూ గింజ ఒలుచుకోవడం పిచ్చుకలకు, మునియాలనే చిన్న గింజపిట్టలకు చేతనవును. బరువైన పావురానికి అక్కడ కాలు నిలవదు. కొర్రకంకులు, సజ్జకంకులు దొరికినా మంచిదే. ఉప్పు వేసిన అన్నం, రొట్టె ముక్కలు మాత్రం పెట్టకండి. ఈ నెలల్లో వాయుగుండాలు, తుపానులు వస్తూ ఉంటాయి కనుక వాన సూచన ఉన్న రోజున కుచ్చును లోపలికి తీసుకోండి, తడిసి బూజు పట్టిన గింజ పిట్టలకు చేటు చేస్తుంది.

నా దృష్టిలో గింజల కంటే నీళ్ళే ముఖ్యం. పిగిలిపిట్టలు, గోరింకలు, తేనెపిట్టలు అన్నీ నీళ్ళ దగ్గరకు వస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్ళు పోసి, చిన్న పిట్టలు నిలబడడానికి మధ్యలో ఒక రాయి ఉంచండి. ఇది డెంగీ కాలం కూడా కనుక రోజూ నీళ్ళు పారబోసి, గిన్నె అంచులను గరుకు పీచుతో తోమాలి. దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకుని ఉంటాయి.

కెమెరా మిత్రుడు, రుషికొండ:
పిట్టకూ మీకూ ఉన్న దూరం కంటే పిట్టకూ వెనుక గోడకూ ఉన్న దూరం ఎక్కువగా ఉంటే ట్యాంకు దానంతట అదే కరిగిపోతుంది. అందుచేత కుచ్చుకు ఒక మూర దూరంలో, ట్యాంకు వెనుక పడని వైపున, ఒక ఎండుకొమ్మను కుండీలో నాటండి. పిట్టలు మేతకు దిగే ముందు ఆ కొమ్మ మీద వాలి నలువైపులా చూసుకుంటాయి. ఫోటోకు తగిన క్షణం అదే. షట్టరు వేగం కనీసం 1/1000 సెకను ఉంచండి, తేనెపిట్టకు 1/2000 అవసరం. ఎపర్చరును (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) మీ లెన్సు అనుమతించినంత తెరిచి, ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా సున్నితత్వాన్ని) ఆటోలో వదిలి, ఫోకస్‌ను ఒకే బిందువుకు కుదించి కంటి మీద నిలపండి. పిట్ట ఒళ్ళు స్పష్టంగా ఉండి కన్ను మసకబారితే ఆ ఫోటోకు ప్రాణం ఉండదు. నిలబడి పైనుంచి తీయకుండా, కూర్చుని పిట్ట కంటి ఎత్తుకు కెమెరాను దించండి.

అక్టోబరులో మనకు ఆరింటికి ముందే పొద్దు పొడుస్తుంది. ఆ తరువాతి రెండు గంటల వెలుగు వాన కడిగిన గాలిలో ఎంతో మృదువుగా ఉంటుంది. ఏసీ గదిలో పెట్టిన కెమెరాను ఒక్కసారిగా డాబా మీదికి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. ముందుగానే సంచీతో సహా బయట పెట్టి, అరగంట తరువాత తీయండి.

సీతమ్మధార డాబాతోట:
అందరికీ కృతజ్ఞతలు. రాలిన మందారంలో ఆ కన్నం నిజంగానే కనిపించింది. దసరాకు పాలపిట్టను చూపించమని పిల్లలు అడుగుతున్నారు. అది డాబా మీదికి వచ్చే అవకాశం ఉందా?

మధురవాడ పక్షిప్రియుడు:
పాలపిట్ట మేత పురుగులు, మిడతలు కనుక గింజలకు రాదు. ఊరి అంచున కరెంటు తీగల మీద, కోసిన పొలాల దగ్గర చూపించండి. పండుగ నాడు పట్టి తెచ్చి డబ్బులకు చూపించేవారి దగ్గరకు మాత్రం పిల్లలను తీసుకువెళ్ళకండి. ఆ పక్షులు రెక్కలు కట్టి, ఆకలితో నలిగి ఉంటాయి. దాని బదులు మీ ఎండుకొమ్మ వైపు చూడమనండి. ఉత్తర ఆసియా నుంచి వచ్చే బ్రౌన్ ష్రైక్ అనే వలసపిట్ట, కంటి మీద నల్లని ముసుగుతో, ఈ కాలంలో అలాంటి కొమ్మ చివరనే కూర్చుని పురుగుల కోసం కాపు కాస్తుంది.

ఒక్క మనవి. రాత్రివేళ డాబా మీద పెద్ద లైటు వెలిగించి ఉంచకండి. హిమాలయ పాదాల నుంచి దక్షిణానికి రాత్రిపూట ప్రయాణించే ఇండియన్ పిట్టా అనే జాతి పక్షులు ఈ నెలల్లోనే మన మీదుగా వెళతాయి, వెలుగుకు దారి తప్పి అద్దాలను గుద్దుకుంటాయి. అలా సొమ్మసిల్లిన పిట్ట కనిపిస్తే నోట్లో నీళ్ళు పోయకుండా, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. తేరుకుని లోపల కదలాడడం వినిపించాక చెట్ల దగ్గర పెట్టె మూత తెరవండి.