నుదుటి మీద ఎర్ర మచ్చ, ఆపై ఫిట్స్: స్టర్జ్-వెబర్ జబ్బు గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (రాయగడ నుంచి ఒక తల్లి)
మా పాపకు ఏడో నెల నడుస్తోంది. పుట్టినప్పటి నుంచీ కుడి నుదుటి మీద, పైరెప్ప మీద ముదురు ఎరుపు మచ్చ ఉంది. నేను కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయటికి రావడం వల్లే ఇలా అయిందని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేశారు. మొన్న పాప ఎడమ చేయి, ఎడమ కాలు అదేపనిగా కొట్టుకోవడంతో ఆసుపత్రికి తీసుకువెళ్లగా, స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ కావచ్చని ఎమ్మారై రాశారు. మచ్చకు లేజర్ చేయిస్తే ఫిట్స్ కూడా తగ్గుతాయా? మలి కాన్పులో ఇలాగే వస్తుందా?

జవాబు (బరంపురం, పిల్లల వైద్యుడు)
గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట పెద్దవాళ్లకు చదివి వినిపించండి. పిండం ఎదిగే తొలి దశలో ఏదో ఒక కణంలో జీఎన్ఏక్యూ అనే జన్యువు మారితే, ఆ కణం సంతతి చేరిన ముఖచర్మంలోనూ, సాధారణంగా అదే వైపు మెదడు పైపొరల్లోనూ రక్తనాళాలు సరిగా ఏర్పడవు. ఈ సంగతి 2013లో బయటపడింది. ఫిట్స్ రావడానికి మెదడు మీది ఆ రక్తనాళాలే కారణం; మెదడు కుడి సగం ఒంటి ఎడమ వైపును నడుపుతుంది కనుక అవి పాపకు ఎడమ చేయి, కాలులో కనిపించాయి. ఇది తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు కనుక మలి కాన్పు గురించి బెంగ పెట్టుకోకండి. లేజర్ మచ్చను పలచబరుస్తుందే గాని ఫిట్స్‌ను ఆపదు. వాటికి మందులు క్రమం తప్పకుండా వేయవలసిందే. ఎమ్మారై కాంట్రాస్ట్ మందు (రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసేది) ఎక్కించి తీసేలా చూడండి. ఏడాది లోపు పిల్లల్లో తొలి స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం.

జవాబు (పర్లాకిమిడి నుంచి ఒక తల్లి)
అమ్మా, కంటి సంగతి ఎవరైనా చెప్పారా? మచ్చ రెప్పను తాకితే కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఎక్కువ. మా బాబుకు ఒక కంటి నల్లగుడ్డు రెండోదానికన్నా పెద్దదిగా కనిపించేది, వెలుతురు చూస్తే రెప్పలు బిగించేవాడు, నీళ్లు కారేవి; కలక అనుకుని చుక్కలతో కాలం గడపకుండా వెంటనే విశాఖ తీసుకువెళ్లడం మేలు చేసింది. అంత చిన్న పిల్లలకు మత్తు ఇచ్చి ఒత్తిడి కొలవవలసి రావచ్చు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయనివ్వకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, సమయం చూసుకోండి; అయిదు నిమిషాలు దాటితే అత్యవసరమే. వీలైతే ఫోనులో వీడియో తీయండి, డాక్టరుకు అది ఎంతో ఉపయోగం.

ప్రశ్న అడిగిన తల్లి
చాలా ఉపకారం చేశారు. కంటి పరీక్షకు విశాఖ బయలుదేరుతున్నాం. ఒక అనుమానం: పాప ఈమధ్య గిలక్కాయను కుడి చేత్తోనే అందుకుంటోంది, ఎడమ చేయి పిడికిలి బిగించే ఉంచుతోంది. అది అలవాటేనా?

జవాబు (బరంపురం, పిల్లల వైద్యుడు)
కాదనే అనుకోవాలి. ఈ వయసులో చేతివాటం ఏర్పడదు; ఒక చేయి వాడడం తగ్గితే ఆ వైపు బలహీనత ఉందేమో చూడాలి. విశాఖలోనే పిల్లల నాడీ వైద్యులకు కూడా చూపించి, ఈ మాట మొదటే చెప్పండి.