అప్‌డేట్: 21 రోజులు దాటినా ఇంక్యుబేటర్‌లో గుడ్లు పిల్లలు కావట్లేదు (కారణం దొరికింది)

ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే వేడి పెట్టె) పెట్టిన కోడిగుడ్డులో పిల్ల పూర్తిగా తయారైనా 21వ రోజు దాటాక కూడా పెంకు పగలట్లేదని, కొన్ని లోపలే చచ్చిపోతున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

జ్వరం చూసే థర్మామీటర్‌ని గుడ్ల పక్కన పెట్టి చూడమన్న మాటే పనిచేసింది. డిస్‌ప్లేలో 37.5 డిగ్రీలు, థర్మామీటర్‌లో 36.6! వేడి కొలిచే సెన్సర్ వేడినిచ్చే బల్బుకి మరీ దగ్గరగా ఉంది, అందుకే గుడ్లకి వేడి తక్కువైంది. గుడ్ల ఎత్తుకి దించాక రెండూ కలిశాయి. ఈ విడతలో 20వ రోజు రాత్రికే పెంకు మీద నక్షత్రంలా చిన్న పగులు, లోపలి నుంచి కిచకిచలు. తెల్లారేసరికి చాలావరకు పిల్లలయ్యాయి.

పుంజులో లోపం వల్ల గుడ్లలో పిల్ల కట్టలేదేమో అన్న అనుమానం అనవసరం. లైటు పెట్టి చూస్తే రక్తనాళాలు అప్పుడూ బాగానే కనిపించాయి. తేమ కూడా మార్చలేదు: చివరి మూడు రోజులు ఎప్పటిలాగే 65-70 శాతం, గుడ్లు తిప్పడం బంద్. మూత తీయకుండా ఆగడమే అసలు టెన్షన్.